స్టవ్వు మాస్టారి నాలుగు నిమిషాలు

మా బావ ఇరవై రెండేళ్లుగా నీళ్లు మరిగిస్తున్నాడు. తాగడానికి కాదు, స్నానానికీ కాదు. మరిగించి పారబోయడానికి. అందుకాయనకు నెలనెలా జీతం ఇస్తారు.

మా అక్క మొగుడి సంగతే నేను చెప్పేది. ఊళ్లో అందరూ ఆయన్ని స్టవ్వు మాస్టారు అంటారు. మరదలిని కనుక ఆయన్ని ఆటపట్టించే హక్కు నాకుంది. ఆ హక్కును ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఒక్కరోజు కూడా వదులుకోలేదు. నాది కుట్టుపని, దుకాణం బజారు మొదట్లో ఉంటుంది. ఆయన పనిచేసే చోటు బజారు చివర. మధ్యాహ్నం భోజనం వేళ అక్క ఇచ్చిన క్యారియరు పట్టుకెళ్లేది నేనే కాబట్టి, ఆయన ఉద్యోగాన్ని నేను చూసినంతగా ఆయన యజమాని కూడా చూసి ఉండడు.

అది మూడంతస్తుల సామాన్ల దుకాణం. కింద సెల్లారులో మేకులు, మడతబందులు, గొళ్లేలు. మధ్య అంతస్తులో రంగుల డబ్బాలు, కుళాయిలు. పైన టెంట్లు, టార్చిలైట్లు, వీపున వేసుకునే సంచులు, వాటి మధ్య కిటికీ పక్కన ఒక బల్ల. బల్ల మీద ఒక చిన్న గ్యాస్ స్టవ్వు. ఎక్కడికంటే అక్కడికి మోసుకుపోయే రకం. ఒకే బర్నరు, పక్కనే అరలో పట్టే గ్యాస్ డబ్బా. కొండలెక్కేవాళ్లూ, ఏటి ఒడ్డుకు వెళ్లి వండుకు తినేవాళ్లూ కొనుక్కుంటారు. ఆ బల్ల మా బావది. అలాగని ఎక్కడా రాసి లేదు గానీ, పొద్దున్నే ఆయన దాన్ని తుడిచే తీరు చూస్తే ఎవరైనా ఆ మాటే అంటారు.

మొదట్లో ఆయన సెల్లారులో మేకులు తూచేవాడు. పెళ్లయ్యాక కూడా తొమ్మిదేళ్లు తూచాడు. మేకులు కొనడానికి వచ్చినవాడితో ఏం మాట్లాడతాం? రెండంగుళాలా, మూడంగుళాలా అని అడిగితే ఆ రోజుకు మాటలు అయిపోయినట్టే. సాయంత్రం ఇంటికొచ్చి చేతులు కడుక్కుని గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. "మీ బావకి నోరుందో లేదో నాకింకా తెలీదే" అనేది మా అక్క.

అలాంటి రోజుల్లో పై అంతస్తుకు ఈ స్టవ్వులు కొత్తగా వచ్చాయి. ముట్టించి చూపించడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. అమ్మకాలు చూసేవాళ్లంతా తలుపు దగ్గరికి జరిగి నిలబడ్డారట. పెద్ద యజమాని మెట్ల మీంచి కిందికి కేకేసి, "నువ్వు నెమ్మదస్తుడివి, కంగారుపడే రకం కాదు, నువ్వొచ్చి ముట్టించు" అన్నాడు. మా బావ పైకి వెళ్లి, పెట్టెలో ఉన్న చిన్న పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా నిలబడే చదివి, మీట తిప్పాడు. నీలం మంట వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయనకు ఎవరైనా చప్పట్లు కొట్టడం పుట్టాక అదే మొదలు. ఇక మనిషి మళ్లీ సెల్లారులోకి దిగలేదు.

ఆ చూపించే తంతు నాకు కంఠతా వచ్చు. ముందు ఫ్యాను ఆపిస్తాడు. తర్వాత గొంతు సవరించుకుంటాడు. ఇంట్లో ఉప్పు అందుకోమని అడగడానికి మొహమాటపడే మనిషికి ఆ బల్ల వెనక నిలబడగానే ఎక్కడినుంచి వస్తుందో ఆ గొంతు!

"చూడండి సార్, గిన్నె నిలబడే ఈ చట్రం పెట్టెలో తిరగేసి ఉంటుంది. ముందు దీన్ని తిప్పి పెట్టుకోవాలి. డబ్బాకి ఈ గాడి ఉంది చూశారా, ఇది పైకి ఉండాలి. మీట నొక్కితే టక్ మనాలి. అనలేదా, ముట్టించొద్దు. గిన్నె మరీ వెడల్పుగా ఉండి డబ్బా మీదికి రాకూడదు. వచ్చిందా, కింద డబ్బా కాలుతుంది. టెంటులోపల ముట్టించనని నాకు మాటివ్వండి."

కొనేవాళ్లు మాటిచ్చేస్తారు. అప్పుడు డబ్బా అతుకు దగ్గర కుంచెతో సబ్బునీళ్లు రాస్తాడు. బుడగలు రానందుకు, ఆ సంగతి ఇప్పుడే తెలిసినట్టు, సంతోషపడతాడు. మీట తిప్పుతాడు. రెండు కప్పుల నీళ్లు పెడతాడు. నీళ్లు కాగుతున్నంతసేపూ కబుర్లు చెబుతాడు. గడియారం వంక చూడడు. అయినా సరిగ్గా నాలుగు నిమిషాలకు నీళ్లు తెర్లుతాయి, ఆయన కుడిచెయ్యి మంట ఆపుతుంది, ఎడమచెయ్యి డబ్బాని ఊడదీసి ఎర్రమూత పెడుతుంది, పక్కనున్న ఖాళీ పెట్టె గాల్లోకి లేస్తుంది. "ఇంతే సార్. చల్లారాక ఇందులో పెట్టుకుని, సంచిలో వేసుకుని, ఎక్కడికైనా పోవచ్చు." రోజుకు పదిసార్లు ఇదే పని. పండగలాంటి గిరాకీ ఉన్నరోజు ఇరవైసార్లు.

గొడవంతా ఆ కబుర్ల దగ్గర మొదలైంది. మొదటి ఏడాది ఎవరో అడిగారు, "మీరూ వెళ్తుంటారా మాస్టారూ కొండల్లోకి?" అని. "వెళ్లకపోతే ఎలా చెప్తాను సార్" అన్నాడట మా బావ. అవునని అన్నాడా, కాదని అన్నాడా? ఏదీ అనలేదు. అలా అబద్ధానికీ నిజానికీ మధ్య గోడ మీద కూర్చుని కొన్నాళ్లు గడిపాడు. తర్వాతి ఏడాది ఆ మాటలోకి ఒక కొండ వచ్చింది. నాలుగో ఏడాది దాని మీద మంచు పడింది. ఆరో ఏట ఎలుగుబంటి వచ్చింది. అది టెంటు బయట కూర్చుని, మా బావ గిన్నెలో కలుపుతున్న కూర వాసన పీల్చి, ఏమీ చెయ్యకుండా మర్యాదగా వెళ్లిపోయింది. నేను క్యారియరు పట్టుకుని మెట్లెక్కుతూ ఆ ఎలుగుబంటి గురించి మొదటిసారి విన్నాను. నవ్వాపుకోలేక రంగుల డబ్బాల మధ్య కూర్చుండిపోయాను.

ఎందుకంటే ఆ మనిషి మా ఊరు దాటి ఎరగడు. ఇక వంట మాటంటారా, ఒకసారి అక్కకు జ్వరం వచ్చి, "కాస్త టీ పెట్టివ్వండి" అంది. ఆయన వంటింట్లోకి వెళ్లి ముందు ఫ్యాను ఆపాడు. ఇంట్లో పొయ్యికి సబ్బునీళ్లు రాశాడు. రెండు కప్పుల నీళ్లు పెట్టి, నాలుగు నిమిషాలకు ఆపి, చేతులు తుడుచుకుంటూ వచ్చి, "మరిగాయి" అన్నాడు.

"టీ ఏదండీ?" అంది అక్క.

"నీళ్లు మరిగాయి కదా" అన్నాడాయన, ఇంకేం కావాలన్నట్టు.

ఆ తర్వాత అక్క ఆయన్ని వంటింట్లోకి రానివ్వలేదు. ఆయనా అందుకు బెంగపెట్టుకోలేదు. ఊరందరికీ బయట వంట నేర్పే మనిషి ఇంట్లో నీళ్లగ్లాసు కూడా కడిగి ఎరగడన్న సంగతి అక్కకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. నేను ఆటపట్టించేది ఇంట్లోనే గానీ, బజార్లో ఆ మాట నా నోట ఎప్పుడూ రాలేదు. బావ పరువంటే నా పరువే కదా.

ఈ ఏడాది పెద్ద యజమాని మోకాళ్లు పనిచెయ్యక ఇంట్లో కూర్చున్నాడు. దుకాణం కూతురి చేతికొచ్చింది. అందరూ ఆమెను చిన్నమేడమ్ అంటారు. చెడ్డ మనిషి కాదు. గబగబా నడుస్తుంది, గబగబా మాట్లాడుతుంది, ఎదుటివాడి మాట సగంలో ఉండగానే అర్థం చేసుకుని తర్వాతి పని మీదికి పోతుంది. ఆమె పై అంతస్తుకు వచ్చి, బావ చేసి చూపించేదంతా ఒకసారి చూసి, "బాగుంది మాస్టారూ. కానీ ఇదంతా వీడియో తీసి తెర మీద పెడితే రోజంతా దానంతటదే తిరుగుతుంది. మీరు కింద సెల్లారులో కావాలి, మేకుల దగ్గర మనిషి లేడు" అంది.

బావ గుడ్డ తీసి, పొద్దున తుడిచిన బల్లనే మళ్లీ తుడిచాడు. నేను అక్కడే ఉన్నాను, క్యారియరు చేతిలోనే ఉంది.

"కొనేవాళ్లు ఏవేవో అడుగుతుంటారమ్మా" అన్నాడు మెల్లగా.

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. న్యాయం తెలిసిన మనిషేనని ఒప్పుకోవాలి. "సరే, చూద్దాం. మీ దగ్గర స్టవ్వు కొన్నవాళ్లందర్నీ ఈ ఆదివారం ఏటి ఒడ్డుకు పిలుస్తాను. ఎవరి స్టవ్వు వాళ్లు తెచ్చుకుంటారు. ముందు మీరు ఒక గిన్నె వండి చూపించండి, తర్వాత వాళ్లు వండుకుంటారు. మీరుంటే ఏం తేడానో నా కళ్లతో చూస్తాను. తేడా కనిపిస్తే బల్ల మీకే. లేకపోతే సోమవారం తెర బిగిస్తారు. మీకేముంది మాస్టారూ, మంచులో వండినవాళ్లు!" అని నవ్వి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం బావ మళ్లీ గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ల కిందటి మనిషి తిరిగొచ్చినట్టు అనిపించింది అక్కకు. ఆయనకు ఇంకా మూడేళ్ల ఉద్యోగం ఉంది. జీతం ఎక్కడైనా ఒకటే. కానీ ఆ సెల్లారులోకి దిగితే ఈ మనిషి మళ్లీ నోరు విప్పడని మా ఇద్దరికీ తెలుసు. అక్క నాలుగు రోజులు కూర్చోబెట్టి అన్నం కూరగాయలు కలిపి వండటం నేర్పింది. వంటలో అంతకన్నా తేలికైనది లేదు. ఆయన అంతా పుస్తకంలో రాసుకున్నాడు.

"ఉప్పు ఎంత?" అన్నాడు.

"తగినంత" అంది అక్క.

"తగినంతంటే ఎన్ని చెంచాలు?"

"మీ నోటికి తగినంత."

"నా నోటిక్కాదే, గిన్నెకి!"

గురువారానికి అక్క ఆశ వదిలేసుకుంది. శుక్రవారం, బావ ఆదివారానికని కొన్న గిన్నెలాంటిదే ఇంకోటి బజారులో కొని, నా దుకాణానికి తెచ్చి బల్ల మీద పెట్టింది. అదే కొలత, అదే మూత, అదే పిడి. "ఆదివారం పొద్దున్నే ఇందులో నేను వండేస్తాను. గుడ్డలో చుట్టి నీ కారు డిక్కీలో పెట్టుకో. అక్కడ ఆయన గిన్నె దించగానే నువ్వు అందరి చూపూ ఏటి వైపు తిప్పు. నేను మార్చేస్తాను" అంది.

"ఎలా తిప్పనే అంతమందిని?"

"చేప చేప అని కేకెయ్యి."

మా అక్క జీవితంలో ఎవరినీ ఒక్క పైసా మోసం చేసి ఎరగదు. అలాంటిది ఇంత పథకం ఎలా వేసిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఆదివారం పొద్దున పదింటికి ఏటి ఒడ్డున ఇరవై ఎనిమిది మంది. ముందు వరసలో మడతకుర్చీ వేసుకుని రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఒకావిడ. పక్కన ఒక పళ్ల డాక్టరు. వెనక ఒక లావుపాటి బ్యాంకు మనిషి, చేతిలో నోటుపుస్తకంతో. అందరి ఒళ్లోనూ స్టవ్వు పెట్టెలు. చిన్నమేడమ్ ఒక చెట్టుకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడింది. బావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, అది నేనే కుట్టాను.

"మాస్టారూ, ఆ ఎలుగుబంటి సంగతి ఇంకోసారి చెప్పాలి!" అన్నాడు బ్యాంకాయన.

"తర్వాత సార్, తర్వాత" అన్నాడు బావ, చెమట తుడుచుకుంటూ.

అక్కడొక చిక్కొచ్చింది. ఏటి ఒడ్డున ఫ్యాను ఆపమనడానికి ఎవరూ లేరు. గాలి ఈడ్చి కొడుతోంది. మొదటిసారి ముట్టించగానే ఆరిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి ఆయన గాలొచ్చే వైపు ఒక రేకు పలక అడ్డం పెట్టి, "ఒక్క వైపే పెట్టాలి సార్. చుట్టూ మూసేశారా, వేడి బయటికి పోక డబ్బా కాలుతుంది" అన్నాడు. ఆ మాట పుస్తకం పదకొండో పేజీలో ఉంది. మంట నిలబడింది. మాట కూడా నిలబడింది. బియ్యం, తరిగిన కూరగాయలు, నీళ్లు గిన్నెలో పోసి మూత పెట్టేసరికి ఆయన గొంతు దుకాణంలో ఉన్నట్టే గలగలా పారుతోంది. గాడి గురించి చెప్పాడు, మీట గురించి చెప్పాడు, టెంటులో ముట్టించబోమని ఇరవై ఎనిమిది మంది చేతా మాట తీసుకున్నాడు. ఇంకేం ఫర్వాలేదనుకున్నాను. అక్క కూడా నా చెయ్యి వదిలి కాస్త వెనక్కి ఆనుకుని కూర్చుంది.

నీళ్లు తెర్లాయి. బావ కుడిచెయ్యి మంట ఆపింది. ఎడమచెయ్యి డబ్బా ఊడదీసి ఎర్రమూత పెట్టింది. ఖాళీ పెట్టె గాల్లోకి లేచింది.

"ఇంతే సార్. సంచిలో వేసుకుని ఎక్కడికైనా పోవచ్చు!"

ఆయన చేతులు ఏం చేశాయో ఆయనకు ఇంకా తెలీలేదు. చప్పట్ల కోసం చూస్తున్నాడు. అందరూ గిన్నె వంక చూస్తున్నారని గమనించి తానూ చూశాడు. పెట్టె పట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

"మాస్టారూ, మరి బియ్యం?" అంది హెడ్‌మిస్ట్రెస్.

ఆయన నోరు తెరిచేలోపే బ్యాంకాయన అందుకున్నాడు. "ఆగండమ్మా, అదే కిటుకు. మూత తియ్యకుండా ఉంచితే ఆ ఆవిరికే ఉడుకుతుంది. కొండల మీద గ్యాసు మిగుల్చుకోవాలి కదా. అంతేనా మాస్టారూ?" అని నోటుపుస్తకంలో రాసుకున్నాడు. మిగతావాళ్లు ఆహా అన్నారు. పళ్ల డాక్టరు కూడా రాసుకున్నాడు. ఇక అంతా గిన్నె చుట్టూ చేరి భక్తిగా పది నిమిషాలు ఎదురుచూశారు. ఆ పది నిమిషాల్లో మా బావ పదేళ్లు పెద్దవాడైపోయాడు. మేడమ్ మాత్రం చేతులు కట్టుకుని ఆయన ముఖాన్నే చూస్తోంది.

మూత తీశాడు. బియ్యం దుకాణంలోంచి అప్పుడే వచ్చినట్టు గట్టిగా, తెల్లగా, నీళ్లలో కూర్చుని ఉంది.

ఇక నా వంతు. నేను లేచి గొంతు చించుకుని అరిచాను. "చేప! అమ్మో, ఎంత పెద్ద చేపో! అటు, అటు!"

ఇరవై ఎనిమిది తలలూ ఏటి వైపు తిరిగాయి. మేడమ్ తల కూడా తిరిగింది. అక్క డిక్కీలోంచి గిన్నె తీసి, ఈ వయసులో ఆమె అలా పరిగెత్తగలదని నాకు తెలీదు, ఒక్క పరుగున బావ దగ్గరికి చేరింది. ఆయన గిన్నె లాగబోయింది. ఆయన వదల్లేదు. రెండు చేతులతో మూత మీద గట్టిగా పట్టుకున్నాడు.

"వదలండీ!" అంది అక్క పళ్లబిగువున.

"వద్దే" అన్నాడు.

"మీ బల్ల పోతుంది!"

"పోనీ. ఇది కూడా చేశాక ఆ బల్ల వెనక ఎలా నిలబడను?"

నేను ఇంకా చేప గురించి అరుస్తూనే ఉన్నాను. తోకని వర్ణించాను, మొప్పల్ని వర్ణించాను. ఎంతసేపని వర్ణిస్తాను? చేప కనబడక విసుగొచ్చి అందరూ ఇటు తిరిగారు. తిరిగేసరికి మొగుడూ పెళ్లాలు చెరో గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నారు. అక్క గిన్నెలోంచి ఉడికిన అన్నం వాసన గుమగుమలాడుతోంది.

"రెండో గిన్నె ఎక్కడిదండీ?" అంది హెడ్‌మిస్ట్రెస్. నలభై ఏళ్లు పిల్లల కాపీలు పట్టుకున్న మనిషి, వదులుతుందా?

బావ తన గిన్నె కింద పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. వచ్చింది మాత్రం బల్ల వెనక గొంతు కాదు, ఇంట్లో గొంతు.

"అమ్మా, సార్, ఆ గిన్నె మా ఆవిడ వండింది. నన్ను కాపాడదామని తెచ్చింది. నాకు వంట రాదు. బయట ఎప్పుడూ వండలేదు. ఇంట్లోనూ వండలేదు. రోజూ రెండు కప్పుల నీళ్లు మరిగించి ఆపేస్తాను, ఇందాక చెయ్యి అలవాటుకొద్దీ ఆపేసింది. స్టవ్వు గురించి చెప్పిందంతా నిజం. నా గురించి చెప్పింది అబద్ధం. నేను కొండ చూడలేదు. మంచు చూడలేదు."

"ఎలుగుబంటి?" అన్నాడు బ్యాంకాయన. గొంతులో ఇంకా ఆశ ఉంది.

"లేదు సార్."

"అసలే లేదా?"

"అసలే లేదు."

బ్యాంకాయన నోటుపుస్తకం మూసేశాడు. బియ్యం ఉడకనందుకు ఎవరూ అంత బాధపడలేదు గానీ, ఎలుగుబంటి పోయినందుకు అందరి ముఖాలూ వాడిపోయాయి. నాకు సెల్లారు మెట్లు కళ్లముందు కనబడ్డాయి. ఆ క్షణాన ఆయన్ని చూసి నాకు నవ్వు రాలేదు. ఏడుపొచ్చింది. అంత ధైర్యం ఆ మనిషిలో ఎక్కడ దాక్కుందా అనిపించింది.

అప్పుడు హెడ్‌మిస్ట్రెస్ తన ఒళ్లోని పెట్టె ఎత్తి చూపించింది. దాని మీద అంటించిన టేపు అలాగే ఉంది. "మాస్టారూ, నేను కొని ఏడేళ్లయింది. ఇవాళ్టిదాకా బీరువా మీదే ఉంది" అంది నేల చూపులు చూస్తూ.

పళ్ల డాక్టరు దగ్గాడు. "మాదీ విప్పలేదు. మంచం కింద ఉంటుంది."

"మాది కారులోనే ఉంది, కొన్నరోజు నుంచీ" అంది ఇంకొకావిడ.

ఒకరి తర్వాత ఒకరు చేతులెత్తారు. మేడమ్ చెట్టు వదిలి వచ్చి పెట్టెలు చూసుకుంటూ నడిచింది. ఇరవై ఎనిమిదింటిలో పంతొమ్మిది ఒక్కసారి కూడా తెరవలేదు. ఆమె అంత నెమ్మదిగా నడవడం నేనెప్పుడూ చూడలేదు.

"మరెందుకు కొన్నారండీ?" అంది.

"ఆయన చెప్తుంటే వెళ్లొచ్చినట్టే ఉంటుందమ్మా" అంది హెడ్‌మిస్ట్రెస్. "మళ్లీ వెళ్లడం ఎందుకులే అనిపిస్తుంది."

మొదట ఎవరు నవ్వారో తెలీదు. అందరూ కడుపులు పట్టుకుని నవ్వారు, చివరికి బ్యాంకాయన కూడా. నవ్వాక బావ చొక్కా చేతులు పైకి మడిచాడు. "సరే, టేపులు విప్పండి. ఇవాళ ఎవరూ పెట్టె మూసిపెట్టి ఇంటికి తీసుకెళ్లడానికి వీల్లేదు" అన్నాడు. ఈసారి వచ్చింది బల్ల వెనక గొంతే.

ఆ తర్వాత గంటసేపు ఆ మనిషిని చూడాలి! పంతొమ్మిది స్టవ్వుల మధ్య కాలు నిలవకుండా తిరిగాడు. హెడ్‌మిస్ట్రెస్ చట్రాన్ని తిరగేసే ఉంచేసింది, తిప్పి పెట్టాడు. పళ్ల డాక్టరు గాడి కిందికి పెట్టి బలంగా తోస్తున్నాడు. "పన్ను కాదు సార్ ఇది, నెమ్మదిగా!" అని చెయ్యి పట్టుకుని చూపించాడు. మధ్యలో తన గిన్నె మళ్లీ పొయ్యెక్కించి, అటొక అడుగు ఇటొక అడుగు వేస్తూ దాన్ని కలిపాడు, కలపడం మర్చిపోయాడు, మళ్లీ కలిపాడు.

ఒకచోట మాత్రం ఆయన నడిచి వెళ్లలేదు, పరిగెత్తాడు. బ్యాంకాయన ఇంట్లోంచి పెద్ద పెనం తెచ్చి, గాలికి చుట్టూ నాలుగు పలకలు నిలబెట్టి, దర్జాగా ఉల్లిపాయలు వేయిస్తున్నాడు. పెనం అంచు డబ్బా అర మీదికి పూర్తిగా వచ్చేసింది.

"ఆపండి! వెనక్కి జరగండి అందరూ!" అని అరిచి, బావ పలకలు తన్నేసి, మీట తిప్పి మంట ఆపి, పెనం తీసి అవతల పెట్టాడు. డబ్బా మీద చెయ్యి పెట్టబోయి వెంటనే లాక్కున్నాడు. అంత వేడిగా ఉంది. చుట్టుపక్కలవాళ్లందర్నీ దూరం పంపించి, అది చల్లబడేదాకా అక్కడే కాపలా నిలబడ్డాడు. బ్యాంకాయన ముఖం పాలిపోయింది.

"మీరు దుకాణంలో చెప్పారు మాస్టారూ, నేనే ఎలుగుబంటి ధ్యాసలో పడి వినలేదు" అన్నాడు.

"తప్పు నాదే సార్. ఇక ఎలుగుబంటి ఉండదు" అన్నాడు బావ.

మేడమ్ ఇదంతా చూసింది. దగ్గరికి వచ్చి, ఆ డబ్బా ఎంత దూరంలో ఉండాలో, పెనం ఎంత ఉండాలో బావని అడిగి తెలుసుకుంది. సగంలో ఆపకుండా చివరిదాకా వింది. తర్వాత అందరూ వినేలా చెప్పింది.

"తెర బిగించేవాళ్లు రేపొస్తారు. దాన్ని సెల్లారులో పెట్టిస్తాను, మేకుల కొలతలు చూపించుకుంటుంది. ఎవరి పెనం పెద్దదో తెరకి కనబడదు కదా. బల్ల మీకే మాస్టారూ. కానీ నెలకో ఆదివారం కొన్నవాళ్లని ఇక్కడికి తీసుకురావాలి. అమ్మడంతో అయిపోదు, పెట్టెలు విప్పించే పూచీ కూడా మీదే."

చప్పట్లు మోగాయి. బావ తల ఊపాడు, ముక్కు తుడుచుకున్నాడు, తన గిన్నె దగ్గరికి వెళ్లి మూత తీశాడు. నేనూ తొంగిచూశాను. పైన బియ్యం ఇంకా పలుకుగానే ఉంది. అడుగున నల్లగా మాడిపోయింది. మధ్యలో ఒక వేలెడు మందాన మాత్రం అన్నం అనదగ్గది ఉంది.

జనమంతా సహజంగానే అక్క వండిన గిన్నె చుట్టూ మూగారు. నేను కూడా అటే వెళ్లాను, అబద్ధమెందుకు. వెనక్కి తిరిగి చూస్తే అక్క ప్లేటు పట్టుకుని బావ ఎదుట ఇసకలో కూర్చుని ఉంది. ఆయన గరిటెతో తీసి వడ్డించాడు. మాడినదీ, పలుకుదీ, మంచిదీ అన్నీ కలిసే పడ్డాయి. అక్క తినడం మొదలుపెట్టింది. నమిలే చప్పుడు నాకు పదడుగుల దూరానికి వినిపించింది. బావ గరిటె పట్టుకుని ఆమె నోటి వంకే చూస్తూ నిలబడ్డాడు. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆయన నిలబడి ఉండగా అక్క కూర్చుని తినడం నేను చూడలేదు.

"ఎలా ఉంది?" అన్నాడు.

"అడుగు మాడింది. పైన ఉడకలేదు. ఉప్పు వెయ్యనే లేదు" అంది అక్క. ప్లేటు ముందుకు చాపింది. "ఇంకొంచెం పెట్టండి."